మనుషుల్ని చూపించిన సారు

సారు పోయారన్న మాట నా దగ్గరికి వచ్చేసరికి నేను ఒక లారీ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాను. ఎదురుగా టీ అంగడి నడిపే మావాడు రోడ్డు దాటి వచ్చి ఊరికే నిలబడ్డాడు. మామూలుగా వస్తూ వస్తూనే ప్రేమగా ఒక తిట్టు విసురుతాడు. ఆ పొద్దు తిట్టూ లేదు, చేతిలో గ్లాసూ లేదు.

"ఏమప్పా, ఎవురన్నా సచ్చినారా?" అన్నాను. నా నోరు అట్లాంటిది.

"ఫిట్టర్ సారు పోయినాడంట," అన్నాడు. "తెల్లారుజామున. పండుకున్న ఆయప్ప పండుకున్నట్టే."

ట్యూబు బుడగలు వదులుతూనే ఉంది. దాన్ని నీళ్లలోంచి తీయాలని నాకు చాలాసేపు తోచలేదు.

పోయినవాళ్లను గొప్పవాళ్లని రాయడం రివాజు. సారు గొప్పవారని రాస్తే ఆయనే లేచి వచ్చి ఆకురాయితో నా మాటలన్నీ అరగదీస్తారు. అందుకని చూసింది చూసినట్టు రాస్తాను. అందులో నా సంగతి కూడా ఒకటి ఉంది. అది చదివాక నన్ను తిట్టాలనుకునేవాళ్లు వచ్చి తిట్టవచ్చు. చిలమత్తూరు దాటి హైవే ఎక్కితే ఎడమ పక్కన పంక్చర్ అంగడి నాదే. పొద్దంతా ఉంటాను.

సారు కళ్యాణదుర్గం వైపు మనిషి. శెనక్కాయ పండించే ఇల్లు. "మా నాయన మబ్బును సూసి సూసి మెడ పైకే నిలిసిపాయె. నేను తల దించుకోని చేసే పని నేర్చుకుంటి" అనేవారు. ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పడానికి మా వైపు వచ్చి, రిటైరయ్యాక కూడా తిరిగి పోకుండా ఇక్కడే ఉండిపోయారు. ఆయనకు ఒక పేరుంది. కానీ శిష్యులు పెళ్లి పత్రికల మీద కూడా 'ఫిట్టర్ సారుకు' అనే రాసేవాళ్లు.

నేను పదో తరగతిని రెండోసారికి గట్టెక్కి ఐటీఐలో చేరాను. మొదటి దినం తలా ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి చేతికిచ్చి, "దీన్ని సదరంగా చేయండి" అన్నారు. పదిహేను దినాలు అదే పని. అరచేతులు బొబ్బలెక్కాయి.

"సారూ, ఇది అరిగేలోపల మేము అరిగిపోతాం," అన్నాను.

"అరగల్ల, అరగాల్సిందే," అన్నారు నిదానంగా. "ఇనుమూ అరగల్ల, నువ్వూ అరగల్ల. మొదుట నీ నోరు అరగల్ల."

గదంతా నవ్వింది. నన్ను చూసి అందరూ నవ్వడం అదే మొదలు. ఎవరు నవ్వినా సరే నవ్వితే చాలు అనే రోగం నాకు అప్పటికే ఉంది. ఇనుమును బిగించే వైసు పిడికి గ్రీజు పూసేవాణ్ని. సారు అట్లా తిరగగానే ఆకురాళ్ల పిడులు మార్చేవాణ్ని. సారు ఆ గ్రీజును వేలితో తీసి, వాసన చూసి, "మంచిదేరా, యాడిది?" అని అడిగి, ఆ వేలు నా చొక్కాకే తుడిచేవారు.

ఆయనకు ఒక అలవాటుండేది. చేతిలోకి ఏ వస్తువు వచ్చినా కిటికీ వైపు ఎత్తి చూసేవారు. మేము చేసిన ముక్క మీద మూలమట్టం ఆనించి, కన్ను ఒకటి మూసి, ఆకాశానికి ఎత్తేవారు. ఇనుముకూ మూలమట్టానికీ నడుమ వెంట్రుక మందం వెలుతురు దూరినా పని మళ్లీ మొదటికొచ్చేది. "బాగుండాదని నేను చెప్పొచ్చు, మీ అమ్మ చెప్పొచ్చు. వెలుతురుకు మొగమాటం లేదురా" అనేవారు. ఇంట్లో దోసె వేసి పెడితే దాన్ని కూడా ఎత్తి చూసేవారట. "వెలుతురు దూరుతాంది" అంటే, "దూరితే దూరనీ, నోట్లోకి పోయేదానికి ఫిట్టింగ్ అక్కర్లేదు" అనేది అమ్మ. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్లం.

శిక్షణలో చివరికి ప్రతి ఒక్కడూ ఒక జత చేయాలి. ఒక ఇనుప పలక నడుమ చదరపు రంధ్రం ఒకటి, ఆ రంధ్రంలో దిగే చదరపు ముక్క ఒకటి. ఏ వైపు తిప్పి దించినా దిగాలి, ఎత్తి చూస్తే అంచుల్లో వెలుతురు కనబడకూడదు. రెండు మూడు దినాల పని, పూర్తిగా చేత్తోనే. మేము దాన్ని మొగుడూ పెళ్లాం అనేవాళ్లం. అందరికీ ఇచ్చే కొలత ఒకటే, చూడ్డానికి అన్నీ ఒకటే. కానీ ఒకడి ముక్క ఇంకొకడి పలకలో సరిగా దిగదు. కొలత ఒకటే అయినా చెయ్యి వేరు. ఎవరి రోల్ నెంబరు వాళ్ల ముక్క మీదే గుద్దించేవారు సారు. "పలక మీద కూడా ఎందుకురా? అది యాడికి పోతాది?" అనేవారు.

ప్రతి జట్టులో బాగా వచ్చిన జతలను ఆయన దాచిపెట్టేవారు. దానికోసం గడులు గడులుగా ఒక చెక్కపెట్టె చేయించారు. గడికొక జత. నలభై దాకా ఉండేవి.

ఆ పెట్టెలో నా జత లేదు. పలక అయింది, ముక్క సగంలో ఉంది, అప్పుడే నాకు లారీ క్లీనరుగా పోవాలని బుద్ధి పుట్టింది. సారు వెతుక్కుంటూ లారీలు నిలిచే చోటుకు వచ్చారు.

"రెండు దినాలు సాలురా. జత ముగిచ్చి పో."

"నాకు పెండ్లొద్దు సారూ," అన్నాను. లారీ మీదున్నవాళ్లంతా నవ్వారు. సారు కూడా నవ్వి, కొంతసేపు అక్కడే నిలబడి, వెళ్లిపోయారు.

లారీల మీద తిరిగి తిరిగి, నడుము పట్టుకుపోయాక, హైవే పక్కన పంక్చర్ అంగడి పెట్టుకున్నాను. సారు రిటైరయ్యారు. ఆ రోజుల్లోనే మా వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. దాని వెనకే చిన్న చిన్న కంపెనీల వాళ్లు కార్లు వేసుకుని, స్థలాలు చూసుకుంటూ హైవే వెంబడి తిరగడం మొదలుపెట్టారు. ఒక్క పరక పచ్చగడ్డి మొలవని గుట్ట పక్క నేలకు కూడా బ్రోకర్లు పుట్టుకొచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

వాళ్ల నడుమకు సారు మోపెడ్ వేసుకుని వెళ్లేవారు. భుజాన సంచి, సంచిలో ఒక లావుపాటి నోటుపుస్తకం. అందులో ఊరి వారీగా పేర్లు. ఎవరు లేతు పట్టగలరు, ఎవరు వెల్డింగ్‌లో దిట్ట, డిప్లొమా చేసి షేర్ ఆటో తోలుతున్నది ఎవరు, బీటెక్ చదివి రీచార్జి అంగడిలో కూర్చున్నది ఎవరు, ఎలక్ట్రానిక్స్ చదివి ఇంటి దగ్గర పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తున్న ఆడపిల్లలు ఎవరు, అన్నీ రాసి ఉండేవి. ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. ఎండలో కారు ఆగి, నలుగురు చెయ్యి అడ్డం పెట్టుకుని నేల వైపు చూస్తుంటే, సారు మోపెడ్ దిగి నమస్కారం పెట్టేవారు.

"భూమిని అందురూ సూపిస్తాండారు," అనేవారు. "నేను మనుషుల్ని సూపిస్తా."

ఒక బ్రోకరు నా అంగడిలోనే ఆయన్ని ఎగతాళి చేశాడు. "సారూ, కంపెనీకి కావల్సింది రోడ్డు, కరెంటు, నీళ్లు. మనుషులదేముండాది, యాడైనా దొరుకుతారు."

"దొరికేటోళ్లు వేరప్పా, చేతనైనోళ్లు వేరు," అన్నారు సారు. "వాన కోసరం అయితే ఎదురు సూడల్ల, వేరే దావ లేదు. కంపెనీ కోసరం ఎదురు సూడగూడదు. పోయి పిలుసుకోని రావల్ల."

ఈ మాట నేను ఊరంతా ఆయన గొంతుతో చెప్పి నవ్వించాను. అంతటితో ఊరుకోలేదు. ఒక దినం ఫోన్ చేసి, "సారూ, లేపాక్షి దావలో పెద్ద బండి నిలిచిండాది, కంపెనీయోళ్ల మాదిరి ఉండారు, మ్యాపు కూడా సూస్తాండారు" అని చెప్పాను. మ్యాపు నేను కల్పించింది. బండి గుడికి పోయే భక్తులది, చెట్టు చాటుకు పోవడానికి ఆపారు. సారు ఆయాసపడుతూ పోయి, అప్పుడే చెట్టు చాటు నుంచి వస్తున్న పెద్దమనిషికి దండం పెట్టి, మీకు ఎంతమంది ఫిట్టర్లు కావాలి అని అడిగారు. టీ అంగడిలో ఈ కథ వారం దినాలు నడిచింది.

అయితే ఆ పెద్దమనిషికి బెంగుళూరులో చిన్న వర్క్‌షాప్ ఉందట. సారు చెప్పింది విని ఒక పిల్లవాణ్ని పనిలో పెట్టుకున్నాడు. సారు నా అంగడికి వచ్చి, "నీ తమాషా వల్ల ఒగ పొయ్యి ఎలిగిందిరా," అని నా వీపు తట్టారు. నాకు కొమ్ములొచ్చాయి. నేను ఏం చేసినా ఆయనకు మంచే జరుగుతుందని నమ్మేశాను. తర్వాత చేసిన పనికి ఆ నమ్మకం కూడా ఒక కారణం.

కొన్నాళ్లకు బెంగుళూరు నుంచి ఒక కంపెనీ నిజంగానే వస్తామన్నది. పంపుల్లో వాడే విడిభాగాలు చేసే కంపెనీ. సారు వాళ్లకు ఎన్ని ఉత్తరాలు రాశారో లెక్కలేదు. చివరికి వాళ్ల పెద్దాయనే ఫోన్ చేశాడు. ఆ దినం సారు మాట్లాడుతుంటే ఆయన గొంతు చిన్నపిల్లవాడిది అయిపోయింది.

"ఆయప్ప కూడా ఫిట్టర్ బెంచీ మీద నుంచి పైకొచ్చినోడంటరా. సర్టిఫికెట్లు సూపియ్యొద్దు, పిల్లోళ్లు చేత్తో చేసిన ముక్కలు సూపియ్యి అన్నాడు. సూపిస్తాం! మనకాడ పెట్టె ఉండాది గదా!"

ఆదివారం హైస్కూల్లో ఒక గది తీసుకున్నారు. శనివారమే బెంగుళూరులో పని చేసే మావాళ్లు, సారు శిష్యులు కూడా సెలవు పెట్టి వచ్చేశారు. అందులో ఒకడు పొడుగోడు. పేరుకు తగ్గట్టు పొడుగ్గా ఉంటాడు, ఆకురాయి పడితే సారంతటి చెయ్యి. పెట్టెలో మొదటి గడి వాడిదే. బెంగుళూరులో ఫ్యాక్టరీలుండే పీణ్యలో ఒక గదిలో ఐదుగురితో ఉంటూ నెలకొకసారి ఇంటికి వచ్చేవాడు.

"అన్నా, నా బిడ్డ నన్ను మామా అని పిలుస్తాంది," అన్నాడు నా అంగడిలో కూర్చుని, నవ్వుతూనే. "ఎవురో వచ్చి పోతాండాడులే అనుకుంటాది. ఈ కంపెనీ వచ్చిందంటే పొద్దున సంగటి తిని సైకిలెక్కి పనికి పోతా. నాయనా అని పిలిపిచ్చుకుంటా."

పెట్టె బరువు. అప్పట్లో నాకు ఒక గూడ్స్ ఆటో ఉండేది. శనివారం మధ్యాహ్నం సారు నన్ను ఇంటికి పిలిచారు. ముందు దినమే జతలన్నీ తీసి, తుడిచి, నూనె పట్టించి, మళ్లీ గడుల్లో పెట్టారు. "నీ ఆటోలో పెట్టుకోరా. రేప్పొద్దున బడి కాడికి తెచ్చెయ్. నువ్వైతే పదిలంగా తెస్తావు" అన్నారు.

పెట్టె అంగడిలో దించాను. బేరం లేదు. మూత తెరిచాను. ఇనుము నూనె తాగి నిగనిగలాడుతోంది. పొడుగోడిది ఉంది. నాతో పాటు చేరి, నాకంటే వెనకబడినవాడిది కూడా ఉంది. ఒక ముక్క తీసి పక్క గడిలో పెట్టాను. దాని ముక్క తీసి ఇంకో గడిలో పెట్టాను. పది నిమిషాల పని. రేపు సారు మొదటి జత తీసి, దిగక, కళ్లు చిట్లించి చూస్తుంటే, నేను వెనక నుంచి "సారూ, రాత్రికి రాత్రి పెళ్లాలను మార్చుకున్నారు!" అని కేకేస్తాను, అందరూ నవ్వుతారు, సారు చెవి మెలేస్తారు, వచ్చినవాళ్లు కూడా నవ్వుతారు. ఇట్లా అనుకుని ఒక్కణ్నే కూర్చుని నవ్వుకున్నాను.

తమాషాకే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తమాషాకైతే ఒక్క జత మారిస్తే చాలు. నేను అన్నీ మార్చాను.

ఆదివారం పెద్దాయన వచ్చారు, వెంట ఒక చదువుకున్న అమ్మాయి. గోడ పొడవునా మావాళ్లు ఇస్త్రీ చొక్కాలతో నిలబడ్డారు. మల్బరీ ఆకు కోసే ఆడపిల్లలు కూడా డిప్లొమా కాగితాలు గుండెకు ఆనించుకుని నిలబడ్డారు. సారు నోటుపుస్తకం తీసి ఊరూరికీ చెప్పుకుంటూ వచ్చారు. పెద్దాయన శ్రద్ధగా విన్నాడు, ఆ అమ్మాయి రాసుకుంది. అంతా బాగుంది. తర్వాత సారు పెట్టె మూత తీశారు.

"ఇది మా పిల్లోళ్ల చెయ్యి సార్. సూడండి. ఎత్తి సూడండి," అని మొదటి గడిలో జత తీసి పెద్దాయన చేతిలో పెట్టారు.

ఆయన ముక్కను పలకలో పెట్టి బొటనవేలితో నొక్కాడు. దిగలేదు. తిప్పి నొక్కాడు. దిగలేదు. సారు నవ్వుతూ, "నూనె ఎక్కువైనట్టుండాది" అని అందుకుని తానే నొక్కారు. దిగలేదు. రెండో గడి జత తీశారు. అది దిగింది గానీ లొడలొడలాడింది. పెద్దాయన దాన్ని అలవాటు కొద్దీ కిటికీ వైపు ఎత్తాడు. చదరం అంచు నుంచి వెలుతురు సన్నని గీతలాగా వచ్చి ఆయన చెంప మీద పడింది.

నేను కేక వేయాల్సిన క్షణం అదే. నోరు తెరిస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది. పుట్టినప్పటి నుంచీ ఎవరూ ఆపలేని ఈ నోరు ఆ పొద్దు అతుక్కుపోయింది. సారు మూడో జత, నాలుగో జత తీస్తున్నారు. గోడ పక్కన ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నవ్వడానికి ఆ గదిలో ఎవరూ లేరు.

"సార్, తప్పు నాది," అన్నారు సారు. "మొన్న నూనె పట్టిచ్చి పెట్టేటప్పుడు నేనే కలిపేసింటా. వయసైపాయె. పిల్లోళ్ల పనిలో తప్పులేదు సార్."

"కావల్లంటే ఇప్పుడే చేసి సూపిస్తాం సార్," అన్నాడు పొడుగోడు ముందుకొచ్చి. "రెండు దినాలు టైమియ్యండి."

"పరవాగిల్ల మేష్ట్రే, పరవాగిల్ల," అన్నాడు పెద్దాయన, ఫర్వాలేదు మేష్టారూ అని కన్నడంలో, మర్యాదగానే. సాకులు విన్నప్పుడు పెద్దవాళ్లు ఎట్లా తలాడిస్తారో అట్లా తలాడించాడు. చేతిలోని ముక్కను చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. టీ తాగారు. మళ్లీ ఫోన్ చేస్తామన్నారు.

చేయలేదు.

మరుసటి దినమే సారు ఒక ఉత్తరం రాశారు. తప్పు తనదే, పిల్లలది కాదు, దయచేసి ఇంకొకసారి వచ్చి చూడండి అని. దాన్ని ఒక మేష్టారు చేత ఇంగ్లీషులో పెట్టించి, కవరు అంటించి, నా చేతికే ఇచ్చారు. "పోస్టులో ఎయ్యిరా. పదిలం." వేశాను. ఆ పని మాత్రం పదిలంగానే చేశాను.

ఆ కంపెనీ తుమకూరు వైపు పెట్టారని తర్వాత విన్నాం. నా వల్లే పోయిందని ఖాయంగా చెప్పలేను. నీళ్లు చాల్లేదని పోయారో, స్థలం ధర కుదరలేదో, అక్కడ ఇంకేం ఆశ చూపించారో. ఎవరూ చెప్పలేదు. కానీ ఆ పెద్దాయన చెంప మీద పడిన వెలుతురు గీతను గీసింది నేనే. దానికి మొగమాటం లేదని సారు ముందే చెప్పి ఉన్నారు.

తర్వాత సారు వసారాలో చాప పరిచి, నలభై జతలూ పోసుకుని కూర్చున్నారు. పలకల మీద నెంబర్లు లేవు కదా, గడుల మీదా లేవు. ప్రతి ముక్కనూ ప్రతి పలకలో పెట్టి చూడాలి. నాలుగు వైపులా తిప్పి చూడాలి. కంటికి శుక్లం వచ్చి ఉంది, అంచులు కనబడవు, వేలితో తడిమి చూసేవారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క ముక్క అందించేవాణ్ని. "సారూ, ఇది సూడండి. ఇది కాదా? అయితే ఇది." తప్పు చేసినవాడు పక్కనే కూర్చుని సాయం చేస్తున్నాడు, పాపం ఆయన "నీకు బేరం పోతాందేమో రా" అని అడుగుతున్నారు.

సరైన జత దొరికితే లోపలి గాలి సన్నగా నిట్టూర్చి ముక్క దానంతట అదే దిగేది. "ఒగటి ఇల్లు చేరిందిరా!" అని సారు దాన్ని ఎత్తి చూసి, పక్కన పెట్టేవారు. ఇరవై దినాలకు పైగా పట్టింది.

ఒక సాయంత్రం ధైర్యం చేసుకున్నాను. "సారూ, ఆ పొద్దు..."

"ఏమిరా?"

"ఏం లేదు. టీ తెచ్చేదా?"

"తే. సక్కెర తక్కువ."

తెచ్చాను. చక్కెర తక్కువ.

ఆ తర్వాత ఆయన హైవే మీదికి రాలేదు. మోపెడ్ మీద పట్ట కప్పేశారు. నోటుపుస్తకం అలమారలోకి పోయింది. కొన్నేళ్లు గడిచాక ఇంకో కంపెనీ స్థలం చూస్తోందని విని నేనే పరుగెత్తుకుని వెళ్లాను. "సారూ, ఈసారి నిజంగానే వస్తాండారు, రండి. నేను ఆటోలో తీస్కపోతా."

సారు తన చేతులు రెండూ ముందు పెట్టుకుని చూసుకున్నారు. "ఇవి నమ్మేదానికి లేవురా. ఈ చేత్తో పిల్లోళ్ల బతుకు సూపిస్తే మళ్ల యాడ ఏం కలిపేస్తానో. నువ్వే పోయి చెప్పు."

నేను వెళ్లలేదు. వెళ్లి ఏమని చెప్పాలి? పదో తరగతి రెండోసారికి పాసైన పంక్చర్ వాడి మాట ఎవరు వింటారు అనుకున్నాను. అది కూడా సాకే.

మట్టి చేసే దినం బెంగుళూరు నుంచి, హోసూరు నుంచి మావాళ్లు పొద్దున బస్సులకే వచ్చేశారు. ఇప్పుడు వాళ్లలో కొందరికి నడినెత్తి పలచబడింది. గుంత వాళ్లే తవ్వారు. రాతినేల, గడ్డపార దిగదు. పొడుగోడు గుంత అంచులను పారతో చెక్కుతూనే ఉన్నాడు. "సాలు లేరా" అని ఎవరో అంటే, "మూలలు సరిగా రాలేదు" అన్నాడు.

అంతా అయ్యాక అమ్మ వసారాలో కూర్చుని ఉంటే దగ్గరికి వెళ్లాను. ఆమెకు చెప్పేయాలనే వెళ్లాను.

"మీ సారుకు నువ్వంటే శానా ఇష్టంరా," అన్నది ఆమె. "వాని నోరే గరుకు, మనసు నున్నన అంటాండె. నువ్వు దినామూ వచ్చి ఆ ఇనుప ముక్కలు అందిస్తివే, దాన్ని ఎన్ని తూర్లు చెప్పుకున్నాడో." "ఆ కంపెనీయోళ్లు వచ్చిపోయిన పొద్దు నుంచి ఆయప్ప తన చేతిని తానే నమ్మలేదు. తలుపు గడియ పెట్టి పండుకునేది, మళ్ల లేసి సూసేది. మాత్ర మింగి, మింగినానా లేదా అని నన్నడిగేది. పొయ్యేదాకా అంతే."

నేను తలూపాను. చెప్పలేదు. ఆమె ముందర చెప్పే ధైర్యం దేవుడు నాకు పెట్టలేదు.

మావాళ్లు బోరు మోటారు కింద స్నానాలు చేసి, తడి తలలతో హైవే మీదికి వచ్చి నిలబడ్డారు. పొద్దుగూకేలోపు బస్సెక్కితే తప్ప షిఫ్టు అందదు. పొడుగోడు నా పక్కనే నిలబడ్డాడు. వాడి కూతురు ఇప్పుడు పెద్దది, కాలేజీకి పోతోంది. మామా అని పిలవడం లేదట, ఫోన్‌లో నాయనా అనే అంటుందట.

"ఒరే, ఆ పొద్దు జతలు మార్చింది సారు కాదు," అన్నాను. "నేనురా. ముందు దినం నా అంగడిలో."

అందరూ నా వైపు తిరిగారు. తర్వాత వాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు నవ్వాడు.

"ఊరుకోన్నా," అన్నాడు పొడుగోడు. "సారు మీద మాట రాకూడదని నీ మీద ఏసుకుంటాండావు. తెలీదా మాకు?"

"కాదురా. నిజంగానే..."

"నువ్వు ఎంత తమాషా మనిషివైనా సారుకు అట్ల చేస్తావా? ఇరవై దినాలు కూచోని జతలు కలిపినోడివి నువ్వు." నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు నాకింకా దిగలేదు. "మేమంతా సారు మీద చిన్న పుస్తకం ఏద్దామనుకుంటాండాం. అందురూ ఏడుపే రాస్తారు. నువ్వు ఇదే రాయన్నా. జతలు నేనే మార్చినా అని మొదులుపెట్టు. అందురూ నవ్వుతారు."

బస్సు వచ్చింది. చెప్పడానికి ఇంకో మాట వెతుక్కునేలోపల వాళ్లు ఎక్కేశారు.

అందుకే రాశాను. ఇందులో నవ్వొచ్చేది ఏదైనా ఉంటే అది నా అలవాటు, అంతే. మార్చింది నేనే. సారు చేతిలో తప్పు లేదు. నూనె పట్టించి ఏ జతను ఆ గడిలోనే పెట్టారు.

బస్సు కదిలినప్పుడు కిటికీల నుంచి చేతులు బయటికొచ్చాయి. టాటా చెప్పడానికేమో అనుకుని నేనూ చెయ్యెత్తాను. కాదు. తడి తువ్వాళ్లను ఊచలకు కడుతున్నారు. ఎర్రవి, నీలివి, గళ్లవి, బస్సు పొడవునా. చెక్‌పోస్టు మలుపు తిరిగేదాకా అవి గాలికి టపటపా కొట్టుకుంటూ కనిపించాయి. బెంగుళూరు చేరేలోపల ఆరిపోయి ఉంటాయి.